గెట్ అంటే ‘పొందు’ అని రాయించకండి

విదేశంలో ఉన్న మనకు శనివారం రాత్రి, ఊళ్లో వాళ్లకు ఆదివారం పొద్దున, అలా కుదుర్చుకుని దేవరకొండ, కల్వకుర్తి వైపు సర్కారు బడుల పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెప్తున్న మన సంఘం వాలంటీర్లందరికీ నాదొక విన్నపం. గెట్ అంటే ‘పొందు’ అని నోట్సులో రాయించడం ఆపేయండి.

ఆ అర్థం తప్పు కాదు, కానీ దాంతో పని జరగదు. ‘ఐ గాట్ ఎ లెటర్’ అంటే ఉత్తరం అందింది, సరే. ‘ఐ గాట్ హోమ్’ అంటే ఇల్లు చేరాను, ‘ఇట్స్ గెటింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోంది, ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అంటే నాకు అర్థం కాలేదు. వీటిలో పొందడం ఎక్కడుంది? పక్కన వస్తువు పేరు వస్తే ఒక అర్థం, చోటు వస్తే ఇంకోటి, విశేషణం వస్తే మరోటి. ఆ పక్క మాటను చూడడమే నేర్పాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. షాపులో సైకిల్ బాగు చేయించుకున్న పిల్లాడు ‘ఐ రిపేర్డ్ మై సైకిల్’ అంటాడు, వినేవాళ్లేమో తనే పానా పట్టి బాగుచేశాడనుకుంటారు. ‘ఐ గాట్ మై సైకిల్ రిపేర్డ్’ అనాలి. ఈ తేడా మనవాళ్లకు కొత్తదా? ‘చేసిన’ వేరు, ‘చేయించిన’ వేరు అని పాలమూరులో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. మన ‘ఇంచు’ చేసే పనే ఇక్కడ గెట్ చేస్తోందని ఒక్కసారి చూపించండి చాలు, కటింగ్ చేయించుకున్న, పన్ను పీకించుకున్న, పొలంలో బోరు వేయించినం, అన్నీ వాళ్లే ఇంగ్లీష్‌లో చెప్పేస్తారు.

పత్తికి మందు కొడతాం, టైరుకు గాలి కొడతాం, గుళ్లో కొబ్బరికాయ కొడతాం, బావిలో ఈత కొడతాం, మే నెలలో ఎండ కొడుతుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ‘కొట్టు’ అంటే ‘హిట్’ అని చెప్పి వదిలేస్తే తెల్లబోతారు. గెట్ దగ్గర అక్కడి పిల్లలకూ అదే తిప్పలు.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో ఎడిషన్‌లో ‘సెట్’ ఒక్కదానికే 430 దాకా అర్థాలున్నాయి. బట్టీ పడితే ఎక్కుతాయా! 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలిచ్చారు. మాటకు మాట సరిచూసుకునే అలవాటు పిల్లలకు వాటితో ఎలాగూ వస్తుంది, మనమూ అదే చేయాల్సిన పనిలేదు.

వచ్చే నెలంతా గెట్ ఒక్కటే తీసుకుందాం. ముందు కొట్టు, పట్టు, పడు అనే మాటలతో ఇంట్లో వినే వాక్యాలు పిల్లల్నే చెప్పమనండి, ఆ తర్వాతే ఇంగ్లీష్. అర్థాల లిస్టు రాయించలేదేంటని అడిగే తల్లిదండ్రులతో నేను ఫోన్లో మాట్లాడతాను.