స్లయిడ్లు ఏ రూపంలో పంపాలి?

రాత్రంతా కూర్చుని తీర్చిదిద్దిన స్లయిడ్లు మరొకరి కంప్యూటర్‌లో తెరవగానే రూపురేఖలు కోల్పోవడం ఎంత చిరాకు కలిగిస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది. నేను ఎంచుకున్న ఫాంటు ఆ యంత్రంలో లేకపోతే, సాఫ్ట్‌వేర్ ఎవరినీ అడగకుండా దాని స్థానంలో మరొక ఫాంటును పెడుతుంది; అక్షరాల వెడల్పు మారి, రెండు పంక్తుల్లో ఒదిగిన శీర్షిక మూడో పంక్తిలోకి జారి, కింద ఉన్న పట్టిక మీద కూర్చుంటుంది. పవర్‌పాయింట్ వాడే ఫైలు రూపమైన పీపీటీఎక్స్‌కు ఆధారమైన ప్రమాణాన్ని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2008లోనే ఆమోదించింది, లిబ్రేఆఫీస్ వంటి ఉచిత ప్రోగ్రాంలు వాడే ఓడీపీ రూపానికి ఆ గుర్తింపు 2006లోనే దక్కింది. అయినా ఒక ప్రోగ్రాంలో తయారైన ఫైలు ఇంకొకదానిలో యథాతథంగా కనిపిస్తుందన్న భరోసా లేదు. ప్రమాణం ఉన్నది కాగితం మీద, నా బాణం గుర్తు ఉన్నది స్లయిడు అంచుకు అవతల!

పోనీ పీడీఎఫ్ చేసి పంపుదామంటే, ఫాంట్లు సాధారణంగా అందులోనే ఇమిడి ఉంటాయి కాబట్టి పుట చెక్కుచెదరదు, కానీ యానిమేషన్లు మాయమై, ఒక్కొక్కటిగా రావలసిన అంశాలన్నీ ఒకేసారి ప్రత్యక్షమవుతాయి. పైగా చివరి నిమిషంలో ఒక అంకె సరిదిద్దాలన్నా చేతులు కట్టేసినట్టే. ఫాంట్లను స్లయిడ్ల ఫైలులోనే పొదిగే సదుపాయం ఉన్నమాట నిజమే, అయితే ఆ ఫాంటు లైసెన్సు అనుమతించాలి, తెరిచే ప్రోగ్రాం దాన్ని గుర్తించాలి. విసిగిపోయి ఇప్పుడు రెండు రూపాల్లోనూ పంపుతున్నాను. అవతలివారు మాత్రం ఎప్పుడూ నేను తెరవవద్దన్నదాన్నే తెరుస్తున్నారు.