సవరణ: స్నేహశీలురైన పోకర్ ఆటగాళ్ల గురించి

నిన్న నాకు బాగా నచ్చిన పోకర్ ఆటగాళ్ల గురించి రాస్తూ డేనియల్ నెగ్రానును 'వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ విజేత' అన్నాను (వరల్డ్ సిరీస్ అంటే లాస్ వెగాస్‌లో జరిగే పోకర్ టోర్నమెంట్ల వరుస, మెయిన్ ఈవెంట్ అంటే అందులో ప్రధాన పోటీ). అది తప్పు, క్షమించండి. ఆ సిరీస్‌లో పోటీ గెలిచిన వాళ్లకిచ్చే బ్రేస్‌లెట్లు చాలానే గెలిచాడు కానీ మెయిన్ ఈవెంట్ మాత్రం ఆయనకు దక్కలేదు. 2015లో 11వ స్థానంలో ఆగిపోయాడు. చివరి పేకముక్క పడగానే వెల్లకిలా నేల మీద పడిపోయాడు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. టేబుల్ దగ్గర పక్కవాళ్లను పలకరిస్తూ, కబుర్లు చెబుతూ ఆడే మనిషి కదా! మెయిన్ ఈవెంట్ గెలిచింది 2003లో క్రిస్ మనీమేకర్, అప్పటికి అకౌంటెంట్. ఇద్దరినీ కలిపేశాను.

ఇంకో మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. మరో ఆటగాడు ఎరిక్ సైడెల్ తక్కువ మాట్లాడతాడు కాబట్టి కలుపుగోలు మనిషి కాదని రాశాను. అలా అనడం అన్యాయం. నెమ్మదితనం వేరు, ముభావం వేరు.

ఇంకో ఆటగాడు బారీ గ్రీన్‌స్టీన్ స్నేహశీలి అని రాసింది మాత్రం మార్చడం లేదు. టోర్నమెంటులో తనను ఓడించి బయటికి పంపిన వాళ్లకే తను రాసిన పుస్తకం మీద సంతకం చేసి చేతికిస్తాడు.