సవరణ: మహిళా డైరెక్టర్ల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు

భీమవరం వైపు రొయ్యల కంపెనీల గురించి మొన్న రాస్తూ, "ప్రతి కంపెనీ బోర్డులో ఒక మహిళ ఉండాలని చట్టం ఉంది, ఉంటే కొత్త ఆలోచనలు పెరుగుతాయని రుజువైంది" అన్నాను. రెండు మాటలూ సరిచేయాలి.

2013 కంపెనీల చట్టం కింద ఈ నిబంధన లిస్టెడ్ (స్టాక్ మార్కెట్‌లో షేర్లు ఉన్న) కంపెనీలకు, వాటాదారులు చెల్లించిన మూలధనం 100 కోట్లు గానీ టర్నోవర్ 300 కోట్లు గానీ ఆపైన ఉన్న ఇతర పబ్లిక్ కంపెనీలకు మాత్రమే. మన డెల్టాలో ఒక కుటుంబం ప్రైవేట్ లిమిటెడ్‌గా నడుపుకునే ప్లాంటు ఎంత పెద్దదైనా దీని కిందికి రాదు. ఇంకో సంగతి, ఈ చట్టం ప్రకారం యజమాని భార్యనో కూతురినో కూర్చోబెట్టినా సరిపోతుంది. అందుకే స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2020 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు స్వతంత్ర మహిళా డైరెక్టర్, అంటే యజమాని కుటుంబంతో సంబంధం లేని మహిళ, తప్పనిసరి చేసింది.

"రుజువైంది" అనడం నా తొందరపాటు. మహిళలున్న బోర్డులు, పేటెంట్లు (కొత్త ఆవిష్కరణలపై హక్కులు) ఎక్కువున్న కంపెనీలు ఒకేచోట కనిపించవచ్చు. కానీ బాగా నడిచే పెద్ద కంపెనీలే మహిళలను ముందుగా తీసుకుని ఉండవచ్చు కదా!

బోర్డులో మహిళలు ఉండాలన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు. ప్లాంట్లలో రొయ్య తల తీసి, తొక్క ఒలిచే పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. సరుకు ఎక్కడ పాడవుతోందో వాళ్లకు తెలుసు. ఆ కబురు పైదాకా చేరడం లేదన్నదే నా బాధ.