టైరులో గాలి తగ్గించకుండా కొండబాట ఎక్కొద్దు

శుక్రవారం రాత్రి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటి తూర్పు కనుమల వైపు సాగే థార్‌, జిమ్నీ, గూర్ఖా లాంటి ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్లు ఇప్పుడు కొత్త కాదు. బండి ముందు దిగబడితే లాగే వించి, పైన టెంటు, నుదుటన ఎల్‌ఈడీ లైట్లు. ఇంత ఖర్చు పెట్టిన బండిలో టైరు గాలి కొలిచే మామూలు ప్రెషర్ గేజ్ ఉండదు. నా అభ్యంతరమంతా దాని గురించే.

హైవే మీద 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలితో వచ్చిన టైరు అదే గాలితో తడిసిన ఎర్రమట్టి వాలు ఎక్కితే ఏమవుతుంది? టైరు గట్టిగా ఉంటుంది కాబట్టి నేలను తాకేది కొద్ది భాగమే. పట్టు చాలదు, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. రెండు చక్రాలకూ ఇంజిన్ బలాన్ని పంచే డిఫరెన్షియల్‌కు లాక్ లేకపోతే అది తిరిగే చక్రానికే ఇంకా తిరిగే వీలిస్తుంది. డ్రైవరు యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతాడు. లోతైన గాట్లున్న మడ్ టైరు నాగలిలా మట్టిని వెనక్కి చిమ్ముతూ జానెడు లోతు గాడి తవ్వుతుంది. తర్వాతి వానకు ఆ గాడే కాలువ అవుతుంది. నాలుగైదు బళ్లు వరుసగా అదే పని చేస్తే బాట నడుమ మిట్ట మిగులుతుంది, రెండు పక్కలా గోతులు పడతాయి.

అదే టైరును మామూలు మట్టిబాట మీద 24కి, రాళ్లూ బురదా ఉన్నచోట 18కి దించండి. అది నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు పంచుతుంది, రాయి మీద అదిరిపడకుండా రాయిని కరుచుకుంటుంది. 15 కంటే తగ్గిస్తే మాత్రం మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి జారిపోవచ్చు. గాలి దించాక వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. తారు అయిపోయిన చోటే ఆగి, నాలుగు చక్రాలకూ గాలి దించి, ‘4L’ గేరు (నాలుగు చక్రాలకూ బలమిచ్చే నెమ్మది గేరు) వేసి, వాలును ముందు కాలినడకన చూసి రావాలి. ‘స్పీడుగా కొడితే ఎక్కేస్తుంది’ అన్న సలహా విన్నవాళ్లే ఎక్కువగా సీవీ జాయింట్లు (చక్రానికి బలం అందించే ఇరుసు కీళ్లు) విరగ్గొట్టుకుంటారు. గాల్లో వేగంగా తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా రాతిని పట్టుకుంటే ఆ దెబ్బంతా జాయింటు మీద పడుతుంది.

దిగబడితే రేసు చేయడం వెంటనే ఆపండి. చక్రం ముందు మట్టి తవ్వి, చక్రానికి పట్టునిచ్చే రికవరీ బోర్డులు పెట్టి, మెల్లగా కదిలించండి. ఇంకో బండితో లాగించాల్సి వస్తే సాగే నైలాన్ స్ట్రాప్‌ను ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికే (రికవరీ పాయింటు) కట్టాలి. వెనక ట్రెయిలర్ తగిలించే బాల్‌కు కడితే ఆ బాల్ విరిగి తుపాకి గుండులా వస్తుంది, మనుషులు చనిపోతారు. లాగేటప్పుడు స్ట్రాప్ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ ఉండకూడదు.

ఇన్ని తెలిసినవాళ్లు కూడా గాలి ఎందుకు దించరంటే ఆదివారం సాయంత్రం వల్ల. హైదరాబాద్ నుంచి తూర్పు కనుమల్లోని మారేడుమిల్లి దాదాపు 400 కిలోమీటర్లు. రెండు రోజుల్లో పోయి రావాలి. చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లనూ మళ్లీ 32కి తేవడానికి అరగంట పడుతుంది. దాన్ని సిగరెట్ సాకెట్‌కు పెడితే ఫ్యూజ్ పోవచ్చు, ఇంజిన్ ఆన్‌లో ఉంచి క్లిప్పులతో నేరుగా బ్యాటరీకే పెట్టాలి. ఆ అరగంట మిగుల్చుకోవడానికి బాటను బలి పెడుతున్నారు. మూడో రోజు సెలవు దొరకకపోతే దగ్గర్లోనే ఉన్న వికారాబాద్ అనంతగిరి కొండలకు వెళ్లి రండి, తప్పేమీ లేదు.

పర్యాటకులొస్తే ఊళ్లకు డబ్బొస్తుందని వాదిస్తారు. వస్తుంది. బొంగు చికెన్ అమ్ముడవుతుంది, టెంటు జాగాకు అద్దె దొరుకుతుంది. కానీ ఆ డబ్బుతో చెడిన బాట దానంతటదే బాగుపడదు.

మీరు ఆఫ్‌రోడ్ అని పిలుచుకునే ఆ బాట కొండ మీది గూడేనికి ఉన్న ఒకే ఒక్క రోడ్డు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. బైకు వెళ్లగలిగినంత కాలం అదే అంబులెన్సు. నడుమ మిట్ట, రెండు పక్కలా గోతులు పడితే బైకు పోదు, ఆటో అసలే పోదు. మళ్లీ నాలుగు భుజాలూ ఒక కర్రా. ఆదివారం మీరు తవ్విన గాడిలో సోమవారం ఎవరు నడుస్తారో ఒక్కసారి ఆలోచించండి.

అందుకే ఈ బాటల మీద మాట చెల్లాల్సింది గ్రామసభదే. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం సామూహిక వనరులను కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. అభయారణ్యంలో అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదనీ, నిప్పు రాజేయకూడదనీ 1972 వన్యప్రాణి చట్టం ఎప్పుడో చెప్పింది. గూడెం బాటకు మాత్రం ఏ కాపలా లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ బాటల్లో సరదా బళ్లను ఆపాలి. మిగతా నెలల్లో పెద్ద వాన పడితే మూడు రోజులు మూసేయాలి. రోజుకు ఎన్ని బళ్లు, ఒక్కో బండికి ఎంత రుసుము అన్నది గూడెమే తేల్చాలి, ఆ డబ్బు బాట మరమ్మతుకే వెళ్లాలి. తారు ఆగిపోయే చోట గేటు పెట్టి, గూడెం కుర్రాడి చేతికి ఒక ప్రెషర్ గేజ్ ఇవ్వాలి. నాలుగు చక్రాల్లో ఏ ఒక్కటి 24 దాటి చూపించినా గాలి దించేదాకా గేటు తీయకూడదు.