బార్ గీత దాటాక కూడా గుర్తు వేయాల్సిందే

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రాయడం నేర్చుకునేవాళ్ల మధ్య ఒక మాట తెగ తిరుగుతోంది: “షార్ప్ గుర్తు పని బార్ గీతతో ముగిసిపోతుంది. తరువాతి బార్‌లో నేచురల్ వేయడం దండగ, నియమం తెలిసిన వాద్యకారుడికి అవమానం. సి షార్ప్ అని రాసినా డి ఫ్లాట్ అని రాసినా పియానో మీద మీట ఒకటే. మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.”

షార్ప్ గుర్తు స్వరాన్ని అర మెట్టు పెంచుతుంది, ఫ్లాట్ అర మెట్టు తగ్గిస్తుంది, నేచురల్ ఆ రెంటినీ రద్దు చేస్తుంది; రెండు నిలువు గీతల మధ్య భాగం బార్. ఆ మాటల్లో మొదటి వాక్యం నిజమే, గీత మీదుగా టై (రెండు స్వరాలను ఒకటిగా సాగదీసే వంపుగీత) కట్టిన స్వరాన్ని మినహాయిస్తే. దాని వెనకాలే వచ్చిన మూడు మాటలతోనే నా పేచీ.

అవమానం సంగతి చూద్దాం. ఒక రికార్డింగులో నేను రెండో వయొలిన్ల వరుసలో ఉన్నాను. బార్ నిండా ఎఫ్ షార్ప్‌లు; తరువాతి బార్ మొదట్లో ఏ గుర్తూ లేని ఎఫ్. నేను రెండో వేలు వెనక్కి జరిపి ఎఫ్ వాయించాను. అదే స్టాండు ముందున్న పక్కాయన వేలు కదపకుండా ఎఫ్ షార్ప్ వాయించారు. ఇద్దరికీ నియమం కంఠతా వచ్చు. ఆయనకు వచ్చిన అనుమానం నియమం మీద కాదు, రాసినవారి మీద: “ఇక్కడ షార్ప్ వేయడం మరిచిపోయారేమో!” ఒక్క నేచురల్ గుర్తు ఉంటే ఆ టేక్ పోయేది కాదు. టై కట్టిన ఎఫ్ షార్ప్ గీత దాటి వచ్చి, అదే బార్‌లో మళ్ళీ ఎఫ్ తగిలితే చిక్కు ఇంకా పెద్దది. నియమం ప్రకారం ఆ రెండోది మామూలు ఎఫ్. వేగంలో అది ఎందరికి తడుతుంది? పై స్థాయి ఎఫ్‌కూ ఇదే గొడవ: కింది ఎఫ్‌కు వేసిన షార్ప్ దానికి వర్తించదు, అయినా చెవి వర్తింపజేస్తుంది.

ఇక “మీట ఒకటే” అన్న మాట. ఇది తెలుగువాళ్లు అనడమే నాకు వింత. మనకు స్వరస్థానాలు 12, పేర్లు 16. కనకాంగి రాగంలోని శుద్ధ గాంధారం చతుశ్రుతి రిషభం ఉన్న చోటే ఉంటుంది. అయినా దాన్ని రిషభమని ఎవరూ పాడరు. మాయామాళవగౌళను సి షడ్జంగా రాయండి: రిషభం డి ఫ్లాట్. ఒక బార్‌లో “స రి స రి” వస్తే డి ఫ్లాట్‌కు ఒక్క గుర్తు చాలు. అదే సి షార్ప్ అని రాశారా, షార్ప్, నేచురల్, షార్ప్ అని మూడు గుర్తులు కావాలి. పైగా నాలుగు స్వరాలూ ఒకే చోట కూర్చుంటాయి, రాగం పైకి కిందికి కదిలిన ఆకారమే కంటికి కనబడదు. హార్ప్ వాయించేవారికైతే సి, డి రెండూ వేర్వేరు తీగలు, వేర్వేరు పెడళ్లు. “మీట ఒకటే” అని వాళ్ల దగ్గర అనకపోవడం మంచిది.

అలాగని ప్రతి స్వరానికీ గుర్తు తగిలించమనడం లేదు. స్వరకేంద్రం లేని సంగీతంలో కొందరు అలాగే రాస్తారు, అక్కడ అది సబబే. మామూలు పాటలో అది కంటికి ముళ్లకంప. అనుమానం పుట్టే చోటే వేయాలి. జ్ఞాపికగా వేసినదని తెలియాలంటే బ్రాకెట్లో పెట్టవచ్చు.

సాఫ్ట్‌వేర్ సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. కీబోర్డు మీద వాయించి ఎక్కిస్తే మిడి (వాయించిన మీటను అంకెగా పంపే పద్ధతి) ఏ స్వరమో చెప్పడానికి దానికి ఇచ్చేది 61 అనే అంకె ఒక్కటే. అది సి షార్పో డి ఫ్లాటో ఆ అంకెలో ఉండదు, సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. మాయామాళవగౌళకు సరిపడే కీ సిగ్నేచర్ (వరుస మొదట్లోనే ఒకేసారి వేసే షార్ప్‌ల లేదా ఫ్లాట్‌ల గుంపు) మామూలు పట్టికలో లేదు కనుక, ఆ ఊహను రాసినవారే ఒక్కో స్వరం దగ్గర ఆగి సరిచూసుకోవాలి.