మహారాజశ్రీ బ్రోషర్ గారికి

మహారాజశ్రీ మా అపార్ట్‌మెంటు బ్రోషర్ గారి సముఖమునకు,

చెన్నై, మైలాపూరు, ఐదో అంతస్తు ఫ్లాటు యజమాని తండ్రి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. మీ మీదున్న ప్లాస్టిక్ పూత చూస్తుంటే నన్ను సాగనంపాక కూడా మీరు ఉంటారు.

నాలుగేళ్ళ కిందట మా అబ్బాయి మిమ్మల్ని నెల్లూరు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. మొదటి పేజీలో కపాలీశ్వరుడి గోపురం. రెండో పేజీలో కోనేరు. మూడో పేజీలో మృదంగం మీద రెండు చేతులు. ఆ తర్వాత ఇత్తడి డవరాలో నురగలు కక్కే కాఫీ, పట్టు పరికిణీతో ముగ్గేస్తున్న అమ్మాయి. "ఇల్లు ఏదిరా?" అంటే పదిహేడో పేజీ తీశాడు. "నాన్నా, ఇది ఇల్లు మాత్రమే కాదు, కల్చర్" అన్నాడు. అడుగు ధర విన్నాక కల్చర్ అంత ఖరీదని అప్పుడే తెలిసింది. నెల్లూరులో ఇన్నేళ్ళూ ఊరికే వాడేసుకున్నాం.

వాడు డబ్బు కట్టింది 1,900 చదరపు అడుగులకి. నేను టేపు పట్టి కొలిస్తే గోడల మధ్య 1,330 వచ్చింది. మిగతాది లాబీలో, మెట్లలో, లిఫ్టులో, జనరేటరు గదిలో మా వాటా అన్నారు. 2016 రెరా చట్టం, అదే ఇళ్ళ అమ్మకాల మీది చట్టం, వచ్చాక కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య జాగా, చెప్పి తీరాలి కదా అన్నాను. మీరూ చెప్పారు లెండి, చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో.

లాబీ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ స్థలంలో పూర్వం ఒక మండువా ఇల్లు, మామిడిచెట్టు ఉండేవట. రెండూ కొట్టేసి, ఆ ఇంటి బర్మా టేకు స్తంభాలు రెండు మాత్రం లాబీలో నిలబెట్టి, మీద లైటు వేసి, 'హెరిటేజ్' అని ఇత్తడి పలక కొట్టారు. ఫాల్స్ సీలింగుకి జానెడు కిందే అవి ఆగిపోయాయి. మోయడానికి పైన ఏమీ లేదు. రిటైరై పదకొండేళ్ళయిన నాకు వాటిని చూసినప్పుడల్లా ఏదో చుట్టరికం తోస్తుంది.

ఇక మీ పేజీలు ఒక్కొక్కటిగా. ధనుర్మాసం మొదటిరోజు మా ఆవిడ తెల్లవారుజామునే లేచి గుమ్మం ముందు ముగ్గు పెట్టింది. తొమ్మిదింటికి హౌస్‌కీపింగ్ వాళ్ళు మాప్ వేశారు. పదింటికి వాట్సాప్‌లో నోటీసు: కారిడార్ ఇటాలియన్ మార్బుల్, పిండి పడితే మచ్చ పడుతుంది, స్టిక్కర్ ముగ్గుకి అభ్యంతరం లేదు. మీ ఐదో పేజీ అమ్మాయి చేతిలో ఉన్నది స్టిక్కరు కాదే అని జవాబు రాశాను. నా మెసేజీకి ఒకాయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఇప్పటికీ తెలియదు.

పూలామె కథ ఇంతకన్నా ముచ్చటైనది. మాడవీధిలో ముప్పయ్యేళ్ళుగా మల్లెపూలు అమ్మే మనిషి. గేటు దగ్గర ఆమె అరవంలో చెబుతుంది, ఒడిశా నుంచి వచ్చిన సెక్యూరిటీ అబ్బాయి హిందీలో యాప్‌లో పేరుందా అని అడుగుతాడు, నేను పైనుంచి తెలుగులో అరుస్తాను. ఆమె దగ్గర స్మార్ట్‌ఫోను లేదు, ఓటీపీ చెప్పలేదు. చివరికి మా ఆవిడ పాత పద్ధతి పట్టింది. బుట్టకి తాడు కట్టి బాల్కనీలోంచి దించడం. ఐదంతస్తుల తాడండీ, కొబ్బరికాయల కొట్టులో కొన్నాం. రెండు మూరల మల్లెలు ఊగుతూ పైకి వస్తుంటే కింద బడిపిల్లలు నిలబడి చూసేవారు. పన్నెండు రోజులు సాగింది. పదమూడో రోజు బిల్డింగు ముందుభాగం అందం చెడుతోందని ఉత్తరం వచ్చింది. ఇప్పుడు పూలు పది నిమిషాల డెలివరీలో, ప్లాస్టిక్ డబ్బాలో వస్తున్నాయి. వాసన మాత్రం విడిగా ఆర్డర్ చేసుకోవాలేమో.

మీ మూడో పేజీ మృదంగం కూడా మా ఇంటికొచ్చింది. అంటే మూడో అంతస్తు మామి గారింటికి. వాళ్ళమ్మాయి సంగీత సాధనకి డెబ్బై దాటిన విద్వాంసుడు ఒకాయన జరీ పంచెతో, మృదంగం భుజాన వేసుకుని వచ్చారు. పెద్ద సామాను ఉన్నవాళ్ళు సర్వీస్ లిఫ్టులో వెళ్ళాలని రూలు. పాత పేపర్ల కట్టతో నేను అందులోనే ఉన్నాను కాబట్టి కళ్ళారా చూశాను. మేమిద్దరం, మధ్యలో తడిచెత్త డబ్బా. ఆయన నవ్వుతూ అన్నారు: "పోయినేడు అమెరికా వెళ్ళాం. విమానంలో దీనికి వేరే సీటు కొన్నారు." సాధన ఉదయం పది నుంచి పన్నెండు వరకే. ఆ వేళలు డ్రిల్లింగు పనుల నిబంధన కిందే రాసి ఉన్నాయి. గోడకి బెజ్జం పెట్టడం, కల్యాణి రాగం ఆలపించడం మా బైలాస్‌లో ఒకే పద్దు.

ఆ మామి గారే నాకిక్కడ దిక్కు. త్యాగరాజ కీర్తనలు అరవ లిపిలో రాసుకున్న నోటుబుక్కు తెస్తారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకి ఒకటే అక్షరం కదా, పక్కన 1, 2, 3, 4 అంకెలు వేసుకుంటారు. ఎక్కడ ఏ అంకె వెయ్యాలో నేను చెబుతాను, అర్థమూ చెబుతాను. మా మనవడు అదే సోఫాలో కూర్చుని "తాతా, విచ్ లాంగ్వేజ్?" అని అడుగుతాడు.

మీ పదకొండో పేజీ 'నడక దూరంలో' జాబితాలో నాగేశ్వరరావు పార్కు ఉంది. "అక్కినేని గారి పేరు సార్" అన్నాడు సేల్స్ కుర్రాడు. కాదు నాయనా, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, నీలాంటివాళ్ళతో మాట్లాడేవాళ్ళ తలనొప్పి కోసమే 1893లో అమృతాంజనం తెచ్చారు. ఈ మైలాపూరులోనే, శ్రీబాగ్ అనే ఆయన ఇంట్లో 1937 నవంబరు 16న కోస్తావాళ్ళూ సీమవాళ్ళూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని ఒకచోట, హైకోర్టు ఇంకోచోట, ఏది కావాలో సీమవాళ్ళు కోరుకోవచ్చని. మా అసోసియేషన్ మూడు మీటింగులు పెట్టినా రెండు విజిటర్ పార్కింగులు ఎవరికో తేలలేదు. (ఆ ఒప్పందం ఎంతవరకు అమలైందని నన్నడక్కండి. ఒక సంక్రాంతికి చుట్టాల మధ్య ఆ మాటెత్తి భోజనాలు చెడగొట్టాను.)

మీ జాబితాలో మాల్ ఉంది, మాల్‌లో ఫుడ్ కోర్టు ఉంది. రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారి ఇల్లు లేదు. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు అన్నం మాని 1952 డిసెంబరు 15 రాత్రి కన్నుమూసింది అక్కడే. మా జిల్లాకి ఇప్పుడు ఆయన పేరే. ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరంతా కచేరీల సందడి, తెలుగు పాట మోగిపోతుంటుంది. సంగీత సభల క్యాంటీన్లలో సాంబారు ఇడ్లీకి క్యూలు. నేనూ క్యూలో నిలబడ్డవాణ్ణే.

నిజం చెప్పాలంటే తప్పంతా మీది కాదు. పోయిన ధనుర్మాసంలో వీధి చివర మైకులో తెల్లవారుజామున తిరుప్పావై పెడితే, నిద్ర చెడుతోందని అర్జీ వెళ్ళింది. అందులో మూడో సంతకం నాది.

అసలు విషయానికి వస్తాను. మా వంటింటి కిటికీలోంచి గోపురం కలశాలు కనిపించేవి. అడుగుకి ఎంతో ఎక్కువ కట్టింది వాటికే. ఇప్పుడు పక్క స్థలంలో పాత ఇల్లు కూల్చి ఐదో శ్లాబు వేశారు. వాళ్ళ బ్రోషరు మొన్న పేపరులో పెట్టి పంచారు. మొదటి పేజీలో గోపురమే. దాంతో మీ మొదటి పేజీ జాగ్రత్తగా కత్తిరించి, అదే కిటికీ అద్దానికి అంటించాను. మా ఆవిడ పొద్దున్నే దానికే దండం పెట్టుకుంటోంది.

నిన్న నోటీసు వచ్చింది. కిటికీ అద్దాలకి బయటికి కనిపించేలా ఏదీ అంటించరాదట, 24 గంటల్లో తీసెయ్యాలట. సంజాయిషీ మీరు రాస్తారా, నన్ను రాయమంటారా? తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
లాబీలో మూడో స్తంభం