పొడి అక్షరాల పండితులు

'న్యూస్' అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని చిన్నప్పుడు మనకు బోధించిన మహానుభావులు లండన్‌లోనూ బ్రాంచి తెరిచారు. అక్కడ 'చావ్' అనే తిట్టు ఒకటుంది. ట్రాక్‌సూటు, మెడలో మెరిసే గొలుసు, నోటి దురుసు ఉన్న పేదింటి కుర్రాణ్ణి అలా అంటారు. దాని పుట్టుపూర్వోత్తరాలు వీళ్లు తేల్చేశారు: 'కౌన్సిల్ హౌస్డ్ అండ్ వయొలెంట్'. సర్కారు ఇంట్లో ఉండే రౌడీ అన్నమాట.

ఇంగ్లండులో పిల్లల్ని 'చావీ' అనడం 19వ శతాబ్దం మధ్యనాటికే ఉంది. కౌన్సిల్ ఇళ్లు కట్టడం అప్పటికింకా మొదలే కాలేదు. అయితేనేం, పండితుడు పరిశోధన ఆపడు కదా. ఫారం పట్టుకుని స్పెయిన్ వెళ్తాడు. అక్కడొక అవ్వ మనవణ్ణి ముద్దుగా 'చవాల్' అంటోంది. "అవ్వా, మీవాడిది కౌన్సిల్ ఇల్లేనా? వారానికెన్ని కొట్లాటలు?" హంగేరీలో కుర్రాణ్ణి 'చావో' అంటారు, అక్కడో ఫారం. స్వీడన్‌లో అమ్మాయిని 'షేయ్' అంటారు. ఇక దేశంలోని ఆడపిల్లలందరికీ ఫారాలు పంచాలి, జిరాక్సు ఖర్చులు ఎవరిస్తారో!

ఇవన్నీ రొమానీ మాటలండీ. మన దేశం నుంచి వందల ఏళ్ల కిందట వెళ్లినవాళ్ల భాష అది. వాళ్లకు 'ఛావో' అంటే అబ్బాయి, 'ఛయ్' అంటే అమ్మాయి. ఇంగ్లీషువాడు స్నేహితుణ్ణి పిలిచే 'పాల్' కూడా వాళ్ల 'ఫ్రల్' నుంచి వచ్చిందే, మన 'భ్రాత'కు చుట్టం. 2004లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 'చావ్'ను ఆ ఏటి మాటగా ఎంచారు. అదే ఏడు బర్‌బెరీ కంపెనీ తన గళ్ల టోపీలు అమ్మడం మానేసింది. చావ్‌లు పెట్టుకుంటే బ్రాండు పరువు పోతోందట.

పరువట! ఇదే ఇంగ్లండు 1554లో చట్టం చేసింది, రొమానీ మనిషి దేశం విడిచి వెళ్లకపోతే మరణశిక్షేనని. అది పాతకథ అంటారా? దక్షిణ స్వీడన్ పోలీసులు రొమానీల పేర్లతో రహస్యంగా జాబితా పెట్టుకున్నారని 2013లో బయటపడింది. 4 వేలకు పైగా పేర్లు. చాలామంది ఏ నేరమూ చేయనివాళ్లు. పసిపిల్లలూ ఉన్నారందులో. పాలు తాగే పిల్ల ఏం దోచిందయ్యా మీ దేశంలో? వాళ్ల పేర్లు రాసుకున్న పోలీసు ఇంటికెళ్లి సొంత కూతుర్ని 'షేయ్' అనే అని ఉంటాడు. చెప్పండి పండితులూ, దానికేంటి ఫుల్ ఫామ్?